సెంటీమీటర్లు కాదు చెల్లె, లోపలేముందో అడుగు

ఈ నెల ముచ్చట కడుపులోది. నవ్వకండి, నిజంగా కడుపులోదే. అండాశయంలో గడ్డ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడూళ్ళ మధ్యే మా చుట్టరికాలన్నీ. ఆడపిల్లనిచ్చింది మిర్యాలగూడకు, కోడల్ని తెచ్చుకున్నది కోదాడ నుంచి, అమ్మగారిల్లు సూర్యాపేట. నేను డాక్టరమ్మను కాదు. పత్రికలో ఆడవాళ్ళ ఆరోగ్యం మీద రాస్తానని, అడిగితే విసుక్కోనని పేరు పడింది. దాంతో ఎవరు స్కానింగ్ తీయించుకున్నా ఆ కాగితం ఫొటో సాయంత్రానికల్లా నా వాట్సాప్‌లో ఉంటుంది.

మొన్న కోదాడ నుంచి చిన్నమ్మ బిడ్డ పంపింది. "అక్కా, ఎడమపక్క ఓవరీల 5 సెంటీమీటర్ల గడ్డ అంట. క్యాన్సర్ అయితదా?" నేను చదివేలోపే రెండో మెసేజ్. "మా పక్కింటామెకు 3 సెంటీమీటర్లేనంట. నాదే ఎక్కువ గదా?"

మన ఆడవాళ్ళందరికీ ఇదే లెక్క. చీటీల వాయిదా లెక్కపెట్టినట్టు సెంటీమీటర్లు లెక్కపెడతాం. గైనకాలజిస్టులతో కూర్చుని మాట్లాడిన ప్రతిసారీ నాకు అర్థమైంది మాత్రం వేరు. సైజు వాళ్ళకు మూడో నాలుగో ప్రశ్న. మొదట చూసేది గడ్డ లోపల ఏముందని. తర్వాత ఈమెకు ముట్లు వస్తున్నాయా, ఆగిపోయాయా అని. ఆ తర్వాత ఈమె పుట్టింట్లో ఎవరికేం జబ్బులొచ్చాయని. ఇవి తెలిశాక గాని సెంటీమీటర్లకు అర్థం రాదు.

ముందు భయం కాస్త దించుకుందాం. ముట్లు వచ్చే వయసులో అండాశయం నెలనెలా ఒక నీటి తిత్తిని తయారుచేస్తూనే ఉంటుంది. అండం పెరిగేది అందులోనే. రెండు సెంటీమీటర్లకు పైన పెరిగి, పగిలి, అండాన్ని వదిలేస్తుంది. ఒక్కో నెల పగలదు. నీరు నిండి నాలుగో అయిదో సెంటీమీటర్లు అవుతుంది. రెండు మూడు ముట్లు పోయేసరికి దానంతటదే ఇంకిపోతుంది. ఊళ్ళో గడ్డలు కరిగించే కషాయాలు అమ్మేవాళ్ళకు పేరొచ్చేది ఈ తిత్తుల వల్లే. కషాయం తాగినా పోతుంది, తాగకపోయినా పోతుంది. డబ్బు పోవడం ఒక్కటే తేడా.

ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లల రిపోర్టుల్లో 'పీసీఓడీ' అని ఉంటుంది కదా, అది అసలు గడ్డే కాదు. పెరగకుండా ఆగిన చిన్న చిన్న అండపు తిత్తులు. దాని తిప్పలు దానికున్నాయి, ముట్లు తప్పుతాయి, బరువు పెరుగుతారు. మనం ఇవాళ మాట్లాడే క్యాన్సర్ ముచ్చట మాత్రం దానిది కాదు. ఆ పిల్లల తల్లులు ఈ పేజీ చదివి నిద్ర చెడగొట్టుకోవద్దు.

ఇక అసలు ప్రశ్న. మంచి గడ్డ చెడ్డగడ్డగా మారుతుందా?

చాలా మటుకు మారదు. ఇది ఊరడింపు కోసం చెప్పే మాట కాదు. యూరప్‌లోని ఆసుపత్రులు ముందుండి చేసిన ఒక పెద్ద పరిశీలన ఫలితం 2019లో వచ్చింది. స్కానింగ్‌లో మామూలు గడ్డలా కనిపించి, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసిన 1,919 మంది ఆడవాళ్ళ లెక్క అది. రెండేళ్ళలో అయిదుగురిలో ఒకరికి గడ్డ దానంతటదే పోయింది. క్యాన్సర్ అని తేలింది వెయ్యికి నలుగురి లెక్కన. అంతకుముందు, 2003లో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 50 ఏళ్ళు దాటిన 15,106 మందిని చూశారు. దాదాపు 18 శాతం మందికి ఒకే గదితో, నీళ్ళతో నిండిన తిత్తి కనిపించింది. మూడింట రెండొంతుల పైన వాటంతటవే పోయాయి. ఒంటిగా ఉన్న అలాంటి నీటితిత్తే క్యాన్సర్‌గా మారిందని ఒక్కరి విషయంలోనూ తేలలేదు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది, ఎక్కువ ప్రాణాలు తీసేది ఒక రకం ఉంది. అది చాలావరకు అండాశయంలో పుట్టదని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. అండాన్ని అందుకునే గొట్టం చివర కుచ్చులా ఉంటుంది చూడండి, అక్కడ మొదలై అండాశయం మీదికి పాకుతుంది. మన నీటితిత్తికి దానికి చుట్టరికం లేదు.

అంటే మన భయం తప్పు చోట కూర్చుంది చెల్లెళ్ళూ. మంచి గడ్డ చెడిపోతుందేమోనని వణుకుతాం. ఎక్కువమంది నష్టపోయేది అక్కడ కాదు. మొదటి నుంచీ చెడ్డదైన గడ్డను మామూలుదే అనుకుని వదిలేసిన చోట, మామూలు గడ్డను చెడ్డదని భయపెట్టి గర్భసంచీ అండాశయాలూ అన్నీ తీసేసిన చోట నష్టపోతున్నారు.

అలాగని ఏ గడ్డా మారదని చెప్పడం లేదు. మారే గుణం కాస్త ఉన్నవి మూడు రకాలు.

చాక్లెట్ సిస్ట్ అంటారే, అది మొదటిది. గర్భసంచి లోపలి పొర లాంటిది అండాశయంలో పెరిగి, నెలనెలా అక్కడా రక్తం కారుతూ, బయటికి దారిలేక పాతబడి నల్లబడుతుంది. ముట్టు వచ్చిందంటే మంచం దిగలేనంత నొప్పి, పిల్లలు కాకపోవడం ఈ జబ్బులో ఎక్కువ. జపాన్‌లోని షిజువోకా ప్రాంతంలో ఇలాంటి తిత్తులున్న 6,398 మందిని 17 ఏళ్ళ దాకా గమనించారు. 46 మందికి అండాశయ క్యాన్సర్ వచ్చింది. నూటికి ఒకరు కూడా కాదు. అయితే ఎవరికి వచ్చిందో చూస్తే ఒక వరస కనిపించింది. 45 ఏళ్ళు దాటినవాళ్ళు, తిత్తి 9 సెంటీమీటర్లు దాటినవాళ్ళు అందులో ఎక్కువ. కాబట్టి ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లకు 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంటే ఆలోచించాల్సింది పిల్లల గురించి, నొప్పి గురించి. నలభై ఎనిమిదేళ్ళామెకు అదే తిత్తి ఆర్నెల్లలో పెరిగిందనుకోండి, లోపలి గోడకు కండలాంటి ముద్ద తేలి దానికి రక్తప్రసరణ కూడా కనిపించిందనుకోండి, ఆమె పొలం పనులయ్యాక చూద్దాంలే అనకూడదు. ముట్టునొప్పి ఉన్నట్టుండి తగ్గిందని సంబరపడి స్కానింగ్ మానేసేవాళ్ళూ ఉన్నారు. ముట్లు ఆగే వయసులో నొప్పి తగ్గొచ్చు, తిత్తి మాత్రం అక్కడే ఉంటుంది.

రెండోది డెర్మాయిడ్. ఇది విచిత్రమైన గడ్డ. కోసి చూస్తే లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్ళు కూడా ఉంటాయి. మా దూరపు చుట్టం ఒకామెకు అలాగే తీశారు. ఎవరో చేతబడి చేశారని ఊరంతా గుసగుసలు. చేతబడీ లేదు, కాకరకాయా లేదు. అండాశయంలో శరీరంలోని ఏ భాగంగానైనా పెరగగల కణాలు ఉంటాయి, అవి తప్పుగా పెరిగితే ఇలా అవుతుంది. చాలావరకు చిన్న వయసు ఆడవాళ్ళలో వస్తుంది, చాలావరకు నెమ్మది గడ్డ. క్యాన్సర్‌గా మారేది నూటికి ఒకటో రెండో, అదీ 45, 50 దాటినవాళ్ళలో, 10 సెంటీమీటర్లు మించి పెరిగి ఏళ్ళ తరబడి ఉన్నవాటిలో. దీనితో అంతకంటే దగ్గరి ప్రమాదం మెలిక పడటం. ఉన్నట్టుండి ఒకపక్క పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, వెంటనే వాంతులు. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే అండాశయమే చచ్చుబడుతుంది.

మూడోది జిగురు నీళ్ళతో నిండే గడ్డ, డాక్టర్లు మ్యూసినస్ అంటారు. ఏడో నెల కడుపులా కనిపించేటంత పెరిగేది ఎక్కువగా ఇదే. ఎక్కువ శాతం మంచిదే. కొన్నింట్లో మంచికీ చెడుకూ మధ్య మెట్టు మీద ఆగిన కణాలు ఉంటాయి, వాటిని బోర్డర్‌లైన్ అంటారు. అందుకే దీన్ని తీశాక ఒక్క ముక్క కాదు, చాలాచోట్ల నుంచి తీసి పరీక్షించాలి. ఈ రకానికి పొగతాగడంతో సంబంధం ఉంది. మన దగ్గర చుట్ట కాల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

సరే, ఏ రకమో మనకెలా తెలుస్తుంది? రిపోర్టులో రాసే ఉంటుంది. ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి మనం అంకె ఒక్కటే చదువుతాం. కోదాడ చెల్లె పంపిన కాగితాన్ని ఫోన్లో పెద్దది చేసి ఇద్దరం మాట మాటా చదివాం. 'సింపుల్ సిస్ట్' అని ఉంది. అంటే ఒకటే గది. 'ఎనెకోయిక్' అని ఉంది. అంటే లోపల వట్టి నీళ్ళు, నలక కూడా లేదు. 'థిన్ వాల్' అన్నారు, గోడ పలచన. 'నో సెప్టేషన్స్, నో సాలిడ్ కాంపొనెంట్' అన్నారు. అడ్డుగోడలు లేవు, గట్టి కండ లేదు. 'నో ఫ్రీ ఫ్లూయిడ్' అన్నారు. కడుపులో నీరు చేరలేదు. చెల్లెకు ముప్పై నాలుగేళ్ళు, ముట్లు సరిగ్గా వస్తున్నాయి. అంతా కలిపి చదివాక ఆ 5 సెంటీమీటర్లు ఏపాటివి? బ్రిటన్‌లోని గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ సూచనల ప్రకారం ముట్లు వచ్చే వయసులో 5 సెంటీమీటర్ల లోపు మామూలు నీటితిత్తికి మళ్ళీ స్కానింగే అక్కర్లేదు. 5 నుంచి 7 మధ్య ఉంటే ఏడాదికోసారి చూడాలి. 7 దాటితే ఎమ్మారై గానీ ఆపరేషన్ గానీ ఆలోచించాలి. మన డాక్టర్లు ఎక్కువగా రెండు మూడు ముట్ల తర్వాత మళ్ళీ రమ్మంటారు. అదీ మంచిదే, పోండి.

ఇప్పుడు ఇంకో రకం రిపోర్టు ఊహించండి. 'మల్టీలాక్యులర్' అని ఉంటే లోపల బత్తాయి తొనల్లా గదులున్నాయన్నమాట. ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్ళకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. గదులున్నంత మాత్రాన చెడ్డది కాదు. ఆ గోడలు దళసరిగా, ఎగుడుదిగుడుగా ఉన్నా, 'సాలిడ్ ఏరియా' అని ఉన్నా, 'పాపిల్లరీ ప్రొజెక్షన్స్' అని లోపలికి పొడుచుకొచ్చిన మొలకల గురించి రాసినా, ఆ గట్టి భాగంలో రక్తప్రసరణ ఎక్కువుందని రాసినా, రెండు పక్కలా గడ్డలున్నా, 'అసైటిస్' అని ఉన్నా ఆ కాగితం పట్టుకుని నా వాట్సాప్‌కు కాదు, నేరుగా గైనకాలజిస్టు దగ్గరికి పోవాలి. అప్పుడు 3 సెంటీమీటర్లున్నా సరే. పక్కింటామె 3 సెంటీమీటర్ల గడ్డ ఏ రకమో కనుక్కోమని మా చెల్లెకు చెప్పింది అందుకే.

సీఏ-125 అనే రక్తపరీక్ష గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 35 లోపు ఉంటే మామూలు అంటారు. 60 వచ్చిందని ఇల్లంతా ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఈ అంకె ముట్టు సమయంలో పెరుగుతుంది, గర్భంలో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్లతో, చాక్లెట్ సిస్ట్‌తో, లివర్ జబ్బుతో కూడా పెరుగుతుంది. అటు తొలిదశ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి పెరగనే పెరగదు. అంటే ఒంటిగా చూస్తే దీని మాట నమ్మలేం. అందుకే 1990లో లండన్ డాక్టర్లు ఒక గుణకారం కనిపెట్టారు, ఇప్పటికీ వాడుతున్నారు. స్కానింగ్‌లో అనుమానపు గుర్తులు లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు అంతకు మించి ఉంటే 3. ముట్లు వస్తుంటే 1, ఆగిపోతే 3. ఈ రెండిటినీ సీఏ-125 అంకెతో గుణించాలి. 200 దాటితే క్యాన్సర్ ఆపరేషన్లు తెలిసిన డాక్టర్ దగ్గరికి పంపాలి.

ముప్పై ఏళ్ళామెకు రెండు పక్కలా చాక్లెట్ సిస్టులు, సీఏ-125 వచ్చి 90. ఒక గుర్తు, ముట్లు వస్తున్నాయి. ఒకటి ఇంటూ ఒకటి ఇంటూ 90, తొంభయ్యే. అరవై ఏళ్ళామెకు గదులు, గట్టి భాగం రెండూ ఉన్నాయి, సీఏ-125 మాత్రం 40. మూడు ఇంటూ మూడు ఇంటూ 40, మూడొందల అరవై. తొంభై చూసి ఏడ్చేది ఆ పిల్ల, నలభయ్యే కదా అని ఇంట్లో కూర్చునేది ఈ పెద్దమ్మ. తిరగబడి ఉంది కదా మన భయం?

మన దేశంలో ఇంకో మెలిక, టీబీ. కడుపులో టీబీ ఉంటే నీరు చేరుతుంది, ఒళ్ళు తగ్గుతుంది, అండాశయం చుట్టూ ముద్దలా కనిపిస్తుంది, సీఏ-125 వందల్లోకి పోతుంది. అచ్చం క్యాన్సర్ వేషమే. సూర్యాపేటలో మాకు తెలిసిన కొత్తకోడలికి అలాగే జరిగింది. ఇరవై నాలుగేళ్ళు. రిపోర్టు చూసి అత్తగారింటివాళ్ళు పుట్టింటికి పంపేశారు, క్యాన్సర్ పిల్లను అంటగట్టారని నిష్ఠూరాలు. ఆ కడుపులోని నీరు, చిన్న ముక్క తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. సర్కారు ఉచితంగా ఇచ్చే మాత్రలు ఆర్నెల్లు వేసుకుంది, తేరుకుంది. అత్తగారింటికి తిరిగి పోయింది గానీ ఆ మాటలు మర్చిపోయిందో లేదో నేనడగలేదు. ముక్కపరీక్ష కాకముందు ఎవరికీ క్యాన్సర్ ముద్ర వేయొద్దని మాత్రం అత్తగార్లకు దండం పెట్టి చెబుతున్నా.

వయసు సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే బరువైన కారణం అదే. మిర్యాలగూడలో మా మేనత్త ఉంటుంది. అరవై దాటాయి, ముట్లు ఆగి పదేళ్ళ పైమాటే. మనిషి బక్కపలచన. నాలుగు నెలలుగా కడుపుబ్బరం. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టు, మాటిమాటికీ మూత్రానికి. ఆర్ఎంపీ గ్యాస్ గోలీలిచ్చాడు, మింగింది. పండగకు పోయినప్పుడు చూశాను, ముఖం పీక్కుపోయింది, చేతుల గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, లంగా నాడా మాత్రం నడుముకు చాలక చివర ముడేసుకుంది. "ఏందత్తా ఇది?" అంటే, "గ్యాసే బిడ్డా, పొట్ట దిగుతలేదు" అన్నది. ఒళ్ళు తగ్గుతుంటే పొట్ట పెరగడం గ్యాస్ కాదు. స్కానింగ్‌లో గట్టి గడ్డ, కడుపునిండా నీరు. హైదరాబాదులో ఆపరేషన్, కీమోలు అయ్యాయి. ఇప్పుడు చెప్పిన తేదీకి పోయి చూపించుకుంటున్నది. నా తలలో మళ్ళీ వెంట్రుకలు నల్లగ వచ్చినయని మురిసిపోతున్నది.

ఉబ్బరం, పొత్తికడుపులో నొప్పి, కొంచెం తినగానే నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం. ఈ నాలుగింట్లో ఏదైనా కొత్తగా మొదలై నెలలో పన్నెండు రోజులకు పైగా ఉంటే, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళు, గ్యాస్ గోలీ పక్కనపెట్టి స్కానింగ్ అడగండి. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపించినా అంతే. ముట్లు ఆగినవాళ్ళలో కూడా 5 సెంటీమీటర్ల లోపు వట్టి నీటితిత్తి ఉండి సీఏ-125 మామూలుగా ఉంటే భయం లేదు, నాలుగు నుంచి ఆరు నెలలకు మళ్ళీ చూపించుకోవడమే. ఆ వయసులో గట్టి గడ్డ మాత్రం నిరూపణ అయ్యేదాకా అనుమానించాల్సిందే.

ఏ బాధా లేనివాళ్ళు ఏటా ఈ పరీక్షలు చేయించుకోవాలా అని మీలో ఒకరు అడుగుతారు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి ఇలా పరీక్షించి చూశారు. ప్రాణాలు అదనంగా నిలబడలేదని 2021లో తేలింది. కాబట్టి ప్యాకేజీల్లో సీఏ-125 కలిపి అమ్మే ల్యాబుల ప్రకటనలు చూసి డబ్బు తగలేయకండి.

మూడో ప్రశ్న పుట్టింటిది. హంసానందిని గుర్తుందా, మన తెలుగు సినిమాల్లో పాటల్లో మెరిసిన అమ్మాయి? 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఆమే బయటపెట్టింది. వాళ్ళమ్మను ఆ జబ్బే అంతకు 18 ఏళ్ళ ముందు తీసుకుపోయింది. పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం తేలింది. దాని వల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఉందని తనే చెప్పుకుంది. దాచుకోకుండా చెప్పినందుకు నాకామె మీద గౌరవం పెరిగింది. రొమ్ము జబ్బుకూ అండాశయానికీ లంకె ఉందని ఎంతమంది తల్లులకు తెలుసు? ఈ జన్యులోపం ఉన్న ఆడవాళ్ళలో నూటికి 40 మంది దాకా జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ బారిన పడతారు. బీఆర్‌సీఏ-2లో లోపముంటే 11 నుంచి 17 మంది. లోపం లేని ఆడవాళ్ళలో నూటికి ఒకరు, అటూ ఇటూగా. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు వరసగా వచ్చే ఇళ్ళలో లించ్ అనే ఇంకో జన్యులోపం ఉండొచ్చు, దానికీ అండాశయంతో సంబంధముంది.

ఇక్కడ మనవాళ్ళు పొరపడేది తండ్రి వైపు. మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వస్తే "అది నాన్నగారి వైపు, మనకేం కాదు" అంటారు. అవుతుంది. జన్యువు నాన్న నుంచీ వస్తుంది, ఆయనకు ఏ జబ్బూ రాకుండానే కూతురికి అందొచ్చు. మా మేనత్త కథ చదివారు కదా, నేనూ నా తోబుట్టువులూ ఆమె జన్యుపరీక్ష రిపోర్టు అడిగి తీసుకున్నాం. మీ ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండు తరాల్లో కనిపిస్తే, అందులోనూ యాభై లోపు వస్తే, డాక్టరుకు అడక్కపోయినా చెప్పండి. అలాంటి ఇంట్లో పిల్ల స్కానింగ్‌లో చిన్న తిత్తి ఉన్నా దాన్ని చూసే కన్ను వేరు.

ముప్పు తగ్గించేవీ ఉన్నాయి. కాన్పులు, పాలివ్వడం, గర్భనిరోధక మాత్రలు ఏళ్ళ తరబడి వాడటం, మన ఇళ్ళలో అందరూ చేయించుకునే పిల్లల ఆపరేషన్ కూడా. గొట్టం కట్టేసినందుకు కొంత కాపుదల ఉందని చాలా పరిశీలనలు చెప్పాయి. పిల్లలు కలగనివాళ్ళకు, చిన్నప్పుడే పెద్దమనిషై ఆలస్యంగా ముట్లు ఆగినవాళ్ళకు, ఒళ్ళు బాగా ఉన్నవాళ్ళకు ముప్పు కాస్త ఎక్కువ. కాస్తే. పిల్లలు లేని చెల్లెకు ఈ మాట చెప్పి ఇంకో బాధ పెట్టొద్దు.

నన్ను నిజంగా మండించేది పెద్దాపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మనకేమన్నా దేవుడు రెండింతల రోగాలిచ్చాడా? లేదు. "గడ్డ ఉంది, రేపు క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టారు కదా, తీసేద్దాం" అనే ఆ ఒక్క మాట పనిచేసింది. మా చుట్టాల్లోనే ఒకామెకు ముప్పై ఆరేళ్ళకు నీటితిత్తి పేరు చెప్పి గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. ఏ ఆసుపత్రో రాయను. నాట్లకు వంగలేక, ఒంటి ఆవిర్లతో, నడుంనొప్పితో నలభై దాటకుండానే ముసలిదైంది. అండాశయం పిల్లల కోసమే కాదు తల్లీ, ఎముక బలం, గుండె ఆరోగ్యం దాని చేతిలో ఉన్నాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలన్నది. ఇలాంటి ఆపరేషన్లను గమనించే కమిటీలు కాగితం మీద ఉన్నాయి. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు అడగాల్సింది మాత్రం మనమే.

అడగడానికి సిగ్గెందుకు? "గడ్డ ఒక్కటే తీసి అండాశయం ఉంచొచ్చా? మూడు నెలలు ఆగి చూడొచ్చా? అనుమానం ఉంటే క్యాన్సర్ సర్జన్‌కు చూపించాలా? గడ్డ కడుపులో పగలకుండా సంచిలో పెట్టి తీస్తారా? తీసింది బయాప్సీకి పంపుతారా?" ఈ చివరి రెండూ మర్చిపోవద్దు. అనుమానపు గడ్డను సూదితో పొడిచి నీళ్ళు లాగించుకోవద్దు, లోపల చెడ్డదుంటే కడుపంతా చిమ్ముతుంది. తీసిన గడ్డను సీసాలో పెట్టి మనకు చూపించి పారేస్తే లాభం లేదు. బయాప్సీ కాగితం రేషన్ కార్డంత భద్రంగా దాచుకోండి, పదేళ్ళకు కూడా పనికొస్తుంది. గర్భసంచి మాత్రమే తీయించుకుని అండాశయాలు ఉంచుకున్నవాళ్ళు "నాకింక అక్కడేం రాదు" అనుకోవద్దు, ఉన్న అవయవానికి జబ్బు రావచ్చు.

ఎక్కడికి పోవాలంటారా? సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రిలో గైనిక్ విభాగం ఉంది. మిర్యాలగూడలో ఏరియా ఆసుపత్రి ఉంది. అనుమానం బలంగా ఉంటే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది, ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్‌కు వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. కోదాడ వాళ్ళు దగ్గరని విజయవాడ పోతుంటారు, అది వేరే రాష్ట్రం కాబట్టి వాళ్ళు ఈ సంగతి మరీ ముందుగా కనుక్కోవాలి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకు టికెట్ లేదు, కాబట్టి రెండో డాక్టరు మాట వినడానికి బస్సుఖర్చు అడ్డు కాదు. పాత స్కానింగ్ కాగితాలన్నీ తేదీలవారీగా ఒక కవరులో పెట్టుకుని పోండి. గడ్డ పెరిగిందో లేదో డాక్టరుకు చెప్పేది ఆ పాత కాగితాలే.

ఇంట్లో అమ్మో అత్తో పెద్దమ్మో యాభై దాటినవాళ్ళు ఉంటే ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఒక్కమాట అడగండి. కడుపుబ్బరంగా ఉంటుందా, ఎన్నాళ్ళ నుంచి అని. నెల దాటిందంటే వచ్చే సోమవారం స్కానింగ్‌కు తీసుకుపోండి.